తిరుపతి నుంచి మిలాన్‌కి డిజైన్ చదువు: మొదటి సెమిస్టర్‌కి ఎలా సిద్ధం కావాలి?

స్వర్ణముఖి | తిరుపతి

అందరికీ నమస్కారం. మిలాన్‌లోని పొలిటెక్నికో ది మిలానోలో ఫ్యాషన్ సిస్టమ్ డిజైన్ మాస్టర్స్‌కి సీటు వచ్చింది. సెప్టెంబరు మధ్యలో క్లాసులు మొదలవుతాయి. మా సొంతూరు శ్రీకాళహస్తి. నాన్న ఉద్యోగం వల్ల హైస్కూల్ రోజుల నుంచి తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటున్నాం. డిగ్రీ హైదరాబాద్‌లో, టెక్స్‌టైల్ డిజైన్.

ఇంట్లో అందరూ అడిగేది డబ్బు, గది, తిండి గురించి. వాటి గురించి నాకూ తెలుసుకోవాలని ఉంది, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. కానీ నాకు అంతకంటే పెద్ద టెన్షన్ ఇంకోటి ఉంది. పని చేయమంటే రాత్రంతా కూర్చుని చేస్తాను. జ్యూరీ ముందు నిలబడి చెప్పమంటే మాత్రం గొంతు పెగలదు. హైదరాబాద్‌లో మా మేడంలకు నా సంగతి తెలుసు కాబట్టి పని చూసి మార్కులు వేసేవారు. మిలాన్‌లో ఎవరికి తెలుస్తుంది? అక్కడ ప్రతి వారం ప్రొఫెసర్ల ముందు నోరు విప్పాల్సిందేనని ఒక సీనియర్ చెప్పారు. చిన్న ఊళ్ల నుంచి వెళ్లి అక్కడ డిజైన్ చదివినవాళ్లు ఈ సంగతి ఎలా దాటారో చెప్తారా?

బొవీసా_చిత్తూరు | కట్టమంచి, ఇప్పుడు మిలాన్

స్వర్ణముఖి గారూ, అభినందనలు. అదే స్కూల్లో నాకిది రెండో ఏడాది. మాటల సంగతికి తర్వాత వస్తాను. ముందు కాగితాలు చెప్తాను, వాటికి గడువులున్నాయి.

ఇటలీ ప్రభుత్వ పోర్టల్ యూనివర్సిటాలీలో ప్రీ ఎన్‌రోల్‌మెంట్ చేశారా? దాన్ని యూనివర్సిటీ ఆమోదించాకే స్టడీ వీసా పని కదులుతుంది. వేసవిలో వీసా స్లాట్లకు గిరాకీ ఎక్కువ, ఈ వారమే చూడండి. డిగ్రీ పట్టాకి, మార్కుల జాబితాలకి అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర, వేయించడం ఇంకా కాకపోతే అది మొదట పెట్టుకోండి. రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ అయ్యాకే విదేశాంగ శాఖ అపోస్టిల్ వేస్తుంది, కాబట్టి టైం పడుతుంది.

ఇటలీలో దిగిన ఎనిమిది పనిదినాల్లోగా పెర్మెస్సో ది సొజ్జోర్నోకి, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డుకి, దరఖాస్తు పెట్టాలి. ‘స్పోర్తెల్లో అమీకో’ అనే కౌంటర్ ఉన్న పోస్టాఫీసుకి వెళ్తే కిట్ ఉచితంగా ఇస్తారు. ఫారాలు నింపి, 16 యూరోల రెవెన్యూ స్టాంపు పెట్టి, పోస్టాఫీసుకి 30 యూరోలు, కార్డుకి 70.46 యూరోలు కట్టాలి. పాస్‌పోర్టు కాపీలు, అడ్మిషన్ లెటరు, ఆరోగ్య బీమా, డబ్బు చూపించే కాగితాలు జతచేయాలి. వాళ్లిచ్చే రసీదును కార్డు వచ్చేదాకా ఎక్కడికెళ్లినా దగ్గర పెట్టుకోండి. వేలిముద్రల కోసం క్వెస్తూరాకి, అంటే పోలీసు కార్యాలయానికి, రమ్మని తేదీ ఇస్తారు. అది కొన్ని నెలల తర్వాతి తేదీ అయినా కంగారు పడకండి, అందరికీ అంతే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. వీసా గడువు దాటి, చేతిలో రసీదు మాత్రమే ఉన్న రోజుల్లో ఇండియాకి రావాల్సి వస్తే ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్‌ల మీదుగా టికెట్ కొనొద్దు, ఒట్టి రసీదుతో ఆ దేశాల మీదుగా వెళ్లనివ్వరు. గల్ఫ్ మీదుగా రండి.

కోదిచె ఫిస్కాలె అని పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన పన్ను నంబరు ఒకటుంటుంది. ఫోన్ సిమ్, ఇంటి ఒప్పందం, బ్యాంకు ఖాతా, దేనికి వెళ్లినా అదే అడుగుతారు. అది ఉచితం. ఎవరైనా దానికి డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇంకోటి, డిజైన్ క్లాసులు జరిగేది బొవీసా క్యాంపస్‌లో. లెయొనార్దో క్యాంపస్ ఊరికి ఇంకోవైపు ఉంటుంది. మ్యాపులో పొలిటెక్నికో అని చూసి అక్కడ గది తీసుకోవద్దు.

కేటీరోడ్_రిటైర్డ్ | తిరుపతి

అమ్మా, నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, చదువుల లోన్లు చాలా చూశాను. డిజైన్ చదువుకి లోన్ అంటే ముందు ఒక లెక్క వేసుకోవాలి. నువ్వు చేరేది ప్రభుత్వ యూనివర్సిటీ. ఫీజు గరిష్ఠంగా ఏడాదికి 3,900 యూరోల దగ్గర ఉంటుంది, కుటుంబ ఆదాయం రుజువైతే ఇంకా తగ్గుతుంది. అదే ఊళ్లో ప్రైవేటు డిజైన్ అకాడమీల ఫీజు దీనికి ఎన్నో రెట్లు. కాబట్టి నీ ఖర్చులో పెద్ద భాగం ఫీజు కాదు, ఇంటి అద్దె, తిండి. లోన్ మొత్తాన్ని దాన్నిబట్టే అడగండి.

మారటోరియం, అంటే వాయిదాలు కట్టక్కర్లేని గడువు, ఉన్నా చదివే కాలంలో వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. నాన్నకి వీలైతే నెలనెలా ఆ వడ్డీ వరకైనా కట్టమని చెప్పు. తర్వాత భారం చాలా తగ్గుతుంది. పాత పన్ను విధానంలో ఉంటే ఆ వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుంది. బ్యాంకు లోన్ డబ్బును విదేశానికి పంపితే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, లేదు. సొంత డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన భాగం మీద పడుతుంది.

స్కాలర్‌షిప్ వస్తుందనే నమ్మకంతో లోన్ తక్కువగా అడగొద్దు. శాంక్షన్ పూర్తిగా తీసుకుని, అవసరమైనంతే వాడుకోవచ్చు.

పుత్తూరు_పిల్ల | పుత్తూరు, ఇప్పుడు జర్మనీ

జర్మనీకి వచ్చేవాళ్లు ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకింత చొప్పునే తీసుకోగలిగే ఖాతాలో, ముందే చూపించాలి. ఇటలీలో ఆ పద్ధతి లేదు కాబట్టి స్వర్ణముఖి ఇంట్లోవాళ్లకి ఆ మేరకు తేలిక. డిజైన్ చదువు సంగతైతే రెండు చోట్లా ఒకటే, చేతులు పనిచేయాలి, నోరూ పనిచేయాలి.

మదనపల్లె_నాన్న | మదనపల్లె

మా పాప రెండేళ్లుగా బయటి దేశంలో చదువుకుంటోంది, అది డిజైన్ కాదు, వేరే కోర్సు. తల్లిదండ్రుల వైపు నుంచి ఒక మాట చెప్తాను, మీ అమ్మానాన్నలకు చదివి వినిపించండి. ఇటలీ వేసవిలో మనకంటే మూడున్నర గంటలు, అక్టోబరు చివరి నుంచి నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. మనం రాత్రి భోంచేసి తీరిగ్గా ఫోన్ చేసే టైంకి వాళ్లు ఇంకా క్లాసులోనో ల్యాబ్‌లోనో ఉంటారు. ఫోన్ ఎత్తలేదంటే ఏదో అయిందని అనుకోవద్దు. ఆదివారం మన మధ్యాహ్నం ఒక టైం ఖాయం చేసుకోండి. అది మాకు చాలా మేలు చేసింది.

పాపా, జాగ్రత్తగా వెళ్లిరా.

నగరి_మగ్గం | నగరి, ఇప్పుడు బెంగళూరు

స్వర్ణముఖి, నువ్వు అడిగిన అసలు ప్రశ్నకి ఇంకా ఎవరూ రాలేదు. నేను ఇటలీలోనే డిజైన్ చదివాను. మాది నగరిలో మరమగ్గాల ఇల్లు. ఆ మోతలో పెరిగినవాళ్లం, గట్టిగా మాట్లాడగలం గానీ సార్ల ముందు మాట్లాడటం మనకెవరూ నేర్పలేదు. ఎదురు చెప్పకుండా వింటే మంచి పిల్ల అన్నారు. ఆ అలవాటుతోనే అక్కడికి వెళ్తాం.

అక్కడ స్టూడియో ఎలా నడుస్తుందో ముందు చెప్తాను. నలుగురైదుగురిని ఒక గ్రూపు చేస్తారు. ఇటలీవాళ్లు, చైనావాళ్లు, టర్కీవాళ్లు, లాటిన్ అమెరికావాళ్లు ఎవరైనా ఉండొచ్చు. దాదాపు ప్రతి వారం రివిజియోనె ఉంటుంది, అంటే ఆ వారం చేసింది టేబుల్ మీద పరిచి చూపించాలి. ప్రొఫెసర్ చూసి ‘ఇది ఎందుకు?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న వినగానే మనకి తిట్టినట్టు అనిపిస్తుంది. వాళ్లకి అది మామూలు సంభాషణ. జవాబు చెప్తే ఇంకో ‘ఎందుకు’ వస్తుంది. పక్క గ్రూపువాళ్లు మధ్యలో కల్పించుకుంటారు, మాటకు మాట అడ్డం వస్తుంది. అందులో అమర్యాద లేదు. మనం మాత్రం మన వంతు వచ్చేదాకా ఆగాలని కూర్చుంటాం, ఆ వంతు రాదు. మన మౌనాన్ని వాళ్లు మర్యాద అనుకోరు, ఈ అమ్మాయికి అభిప్రాయం లేదేమో అనుకుంటారు. చిన్న ఊరివాళ్లకి మొదటి సెమిస్టర్‌లో తగిలే పెద్ద దెబ్బ ఇదే. ఇంగ్లిషు దానికి కారణం కాదు. నాకంటే తక్కువ ఇంగ్లిషుతో ధైర్యంగా మాట్లాడినవాళ్లు మా క్లాసులో ఎందరో ఉన్నారు.

పరీక్షలు కూడా చాలావరకు నోటితోనే. మార్కులు 30కి, పాస్ అవ్వాలంటే 18. చాలా బాగా చేస్తే 30 ఎ లోదె, అంటే ప్రశంసతో 30, ఇస్తారు. జనవరి, ఫిబ్రవరిల్లో ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని చదివింది చెప్పాలి. అందుకే సెప్టెంబరు నుంచే అలవాటు పడాలి.

నాకు పనికొచ్చినవి ఇవి. రివిజియోనెకి ఎప్పుడూ ఖాళీ చేతులతో వెళ్లేదాన్ని కాదు. ఒక బట్ట ముక్కో, విరిగిన నమూనానో, నేను తీసిన ఫొటో ప్రింటో చేతిలో ఉండేది. చేతిలో వస్తువు ఉంటే నోరు దానంతట అదే కదులుతుంది, అందరి కళ్లూ నా ముఖం మీద కాకుండా ఆ వస్తువు మీద ఉంటాయి. రెండోది, మొదట్లోనే మాట్లాడటం. మొదటి పది నిమిషాల్లో ఒక చిన్న ప్రశ్నయినా అడిగేస్తే తర్వాత భయం తగ్గిపోతుంది, ఆలస్యం చేసేకొద్దీ పెరుగుతుంది. గ్రూపులో పనులు పంచుకునేటప్పుడు ‘నువ్వు చేతిపని బాగా చేస్తావు, చెప్పడం మేం చూసుకుంటాం’ అంటారు. ప్రేమగానే అంటారు. ఒప్పుకోకు. నువ్వు చేసిన భాగం నువ్వే చెప్తానని మొదటి వారమే తేల్చుకో.

ఇంకో సలహా, ఇది చాలామందికి నచ్చదు. మొదటి ప్రాజెక్టులోనే కలంకారీ బయటికి తీయకు. తీశావంటే ఇక రెండేళ్లూ ‘ఆ ఇండియా ప్రింటుల అమ్మాయి’వి అయిపోతావు. వాళ్ల ఊరి సమస్య ఒకటి తీసుకుని చెయ్యి.

బొవీసా_చిత్తూరు | కట్టమంచి, ఇప్పుడు మిలాన్

నగరి అక్క చెప్పింది అక్షరాలా నిజం, చివరి మాట తప్ప. మా బ్యాచ్‌లో ఒక కొలంబియా అమ్మాయి వాళ్లూరి బుట్టల అల్లికతోనే మొదటి ప్రాజెక్టు చేసింది. ఆమెను ఎవరూ ఒక మూలకి నెట్టలేదు. ఎందుకంటే ఆ బుట్ట గురించి క్లాసులో అందరికంటే ఆమెకే ఎక్కువ తెలుసు, ఏం అడిగినా జవాబుంది.

క్లాసులు ఇంగ్లిషులోనే అయినా నమూనాలు చేసే మోడల్ ల్యాబ్‌లో టెక్నీషియన్లతో ఇటాలియన్ కావాలి. బట్టకి స్తోఫ్ఫా, చెక్కకి లేన్యో, కాగితానికి కార్తా లాంటి మాటలు యాభై నేర్చుకుని రండి. వచ్చీరాని ఇటాలియన్‌తో అడిగినా ఆ ల్యాబ్ పెద్దాయన మిషన్ దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తారు.

స్వర్ణముఖి | తిరుపతి

నగరి అక్కా, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. నా గురించి ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. చేతిలో వస్తువు పట్టుకుని వెళ్లడం నేను చేయగలిగిన పనే.

కలంకారీ విషయంలో మాత్రం నా మనసు ఒప్పుకోవట్లేదు. మా పెద్దమ్మ వాళ్లింట్లో అద్దకం పని చూస్తూ పెరిగాను. అది పక్కనపెడితే నా దగ్గర చెప్పడానికి ఇంకేం ఉంది? అలాగని నెమళ్లు, జీవవృక్షం గీసి చూపిస్తే అలంకారంగా మిగిలిపోతుందేమోనన్న భయం కూడా ఉంది.

కలం_చేయి | శ్రీకాళహస్తి

నమస్కారం. నేను చదువుకున్నది తక్కువ, దాదాపు నలభై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మా అబ్బాయి చదివి వినిపిస్తే రాయమని చెప్తున్నాను.

పాపా, బొమ్మ తర్వాతి సంగతి. ముందు బట్ట సంగతి చెప్పు వాళ్లకి. గాడా అనే ముతక నూలు బట్టను పాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేస్తాం. ఆ పాలు లేకపోతే కలం పెట్టగానే రంగు పాకిపోతుంది, గీత నిలవదు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి ఊరబెడతాం. ఆ నీళ్లు సీసాలో చూస్తే నల్లగా ఏమీ ఉండవు. కరక్కాయ తాగిన బట్ట మీద పడితేనే నలుపు తిరుగుతుంది. పటిక రాసిన చోట ఎరుపు పడుతుంది, రాయని చోట ఉడకబెట్టి ఉతికితే పోతుంది. ఇదంతా ఎవరో ఒకరు కనిపెట్టిందే కదా. నువ్వు వెళ్లే బడిలో చెప్పే డిజైన్ ఇదే కదా అని నాకు అనిపిస్తుంది.

మా దగ్గరికి బయటి దేశాల డిజైనర్లు వస్తూ ఉంటారు. వాళ్లూ ‘ఎందుకు’ అనే అడుగుతారు. పాలు ఎందుకు, ఎండ ఎందుకు, నదిలోనే ఎందుకు ఉతకాలి అని. నేను భయపడను. నా పని గురించి నాకు తెలియనిది వాళ్లేం అడుగుతారు?

ఒక్క కోరిక. మా పని చూపించినప్పుడు శ్రీకాళహస్తి అని, చేసినవాళ్ల పేరు కూడా చెప్పు. 1950లలో కమలాదేవి ఛటోపాధ్యాయ గారి చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టబట్టి ఈ విద్య నిలబడింది. ఈ ఊరి పని అని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. అయినా పెద్ద పెద్ద దుకాణాల్లో మిషన్ మీద అచ్చేసిన గుడ్డకి కలంకారీ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. చేసినవాడి పేరు ఎక్కడా కనపడదు. నువ్వైనా చెప్పాలి.

నగరి_మగ్గం | నగరి, ఇప్పుడు బెంగళూరు

మామా, మీరు చెప్పాక నా సలహా మార్చుకుంటున్నాను. స్వర్ణముఖి, బొమ్మలు గీయకు, ఈ పద్ధతి తీసుకెళ్లు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి బట్ట మీదే నలుపు పుట్టడం ఎవరికైనా కళ్ల ముందు చేసి చూపించొచ్చు. కరక్కాయ పొడి పావు కిలో సూట్‌కేసులో పెట్టుకో.

మిలాన్ నుంచి కోమో రైల్లో గంట దూరంలోపే. పట్టు మీద అద్దకానికి ఇటలీలో పేరున్న ఊరు అది, మ్యూజియం కూడా ఉంది. మొదటి నెలలోనే వెళ్లి చూడు. అక్కడి అద్దకానికీ శ్రీకాళహస్తి అద్దకానికీ తేడా నీ కళ్లతో చూస్తే క్లాసులో చెప్పడానికి బోలెడంత దొరుకుతుంది. మిలాన్‌లోనే ఏడీఐ డిజైన్ మ్యూజియం ఉంది, 2021లో తెరిచారు. 1954 నుంచి ఇస్తున్న కొంపాస్సో దోరో అనే డిజైన్ అవార్డు పొందిన వస్తువులు అక్కడ పెట్టారు. కుర్చీలు, దీపాలు, టైప్‌రైటర్లు. ఏప్రిల్‌లో సలోనె దెల్ మొబిలె వచ్చినప్పుడు ఊరంతా ప్రదర్శనే. 1961లో మొదలైన ఫర్నిచర్ జాతర అది. ఆ వారం గదుల అద్దెలు విపరీతంగా పెరుగుతాయి, మీ ఇంటి నుంచి ఎవరైనా వచ్చేట్టుంటే ఆ వారం రావొద్దని చెప్పు.

స్వర్ణముఖి | తిరుపతి

మామా, మీ పేరు తప్పకుండా చెప్తాను. బయలుదేరేలోపు ఒకసారి శ్రీకాళహస్తికి వచ్చి మిమ్మల్ని కలుస్తాను.

గది గురించి ఇంకా ఎవరైనా చెప్తారా? ఒకాయన ఆన్‌లైన్‌లో గది ఫొటోలు పంపి, మూడు నెలల అడ్వాన్సు ముందే వేస్తే తాళాలు కొరియర్‌లో పంపిస్తానంటున్నాడు.

బొవీసా_చిత్తూరు | కట్టమంచి, ఇప్పుడు మిలాన్

వెయ్యొద్దు! తాళాలు కొరియర్ అనగానే అది మోసమని అర్థం చేసుకోండి. ఇల్లు చూడకుండా, ఒప్పందం చేతికి రాకుండా ఒక్క యూరో కూడా పంపకండి. మొదటి రెండు మూడు వారాలకి హాస్టలో, తెలిసినవాళ్ల ఇంట్లోనో ఉండి, ఊళ్లో తిరిగి వెతుక్కోండి. నెలకి 600 యూరోల లోపు విడి గది దొరకడం కష్టమే. గదిలో ఇద్దరుండే పోస్తో లెత్తో అయితే తగ్గుతుంది. బొవీసా, దెర్గానో, అఫ్ఫోరి వైపు చూడండి. కాస్త దూరమైనా పర్వాలేదంటే సరోన్నో నుంచి రైలు నేరుగా బొవీసా స్టేషన్‌కి వస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే మల్పెన్సా ఎక్స్‌ప్రెస్ కూడా బొవీసాలో ఆగుతుంది, పెట్టెలతో వస్తారు కాబట్టి చెప్తున్నాను.

ఒప్పందం పన్ను శాఖలో రిజిస్టర్ చేయిస్తారా అని యజమానిని ముందే అడగండి. కొందరు పన్ను తప్పించుకోవడానికి నోటిమాట మీద ఇస్తామంటారు, అద్దె కాస్త తగ్గిస్తామంటారు. దానికి ఒప్పుకుంటే స్కాలర్‌షిప్ దగ్గర దెబ్బ తగులుతుంది. దూరం నుంచి వచ్చిన విద్యార్థిగా ఎక్కువ మొత్తం రావాలంటే కనీసం పది నెలల రిజిస్టర్డ్ ఒప్పందం చూపించాలి.

స్కాలర్‌షిప్ అన్నాను కాబట్టి ఇది కూడా. ప్రాంతీయ ప్రభుత్వం ఇచ్చే డీఎస్‌యూ అనే స్కాలర్‌షిప్‌కి కుటుంబ ఆదాయం, ఆస్తుల కాగితాలు కావాలి. ఇటాలియన్‌లోకి తర్జుమా చేయించి, ధ్రువీకరణ కూడా చేయించాలి. నాన్నగారి ఆదాయం, బ్యాంకు నిల్వలు, ఇంటి విస్తీర్ణం అన్నీ చూపించాలి. మన దస్తావేజుల్లో ఇల్లు అంకణాల్లో ఉంటుంది, వాళ్లకి చదరపు మీటర్లలో కావాలి. ఆ లెక్క ఉన్న ధ్రువపత్రం తిరుపతిలో ఉండగానే తీసుకోండి. ఇక్కడికి వచ్చాక అమ్మానాన్నలను ఆఫీసుల చుట్టూ తిప్పాల్సి వస్తుంది. సెమిస్టర్లలో చెప్పినన్ని క్రెడిట్లు టైంకి రాకపోతే రెండో విడత రాదు, అది కూడా మనసులో పెట్టుకోండి. చేతిఖర్చుకి పార్ట్ టైం పని చేసుకోవచ్చు, వారానికి 20 గంటలు, ఏడాదికి 1,040 గంటలు మించకూడదు. స్టూడియో ఉన్న సెమిస్టర్‌లో అంత టైం దొరకదు.

మదనపల్లె_నాన్న | మదనపల్లె

సామాన్ల గురించి. కోడి పచ్చడి, నెయ్యి యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు. మాంసం, పాల పదార్థాలు నిషేధం. మన చిత్తూరు మామిడిపండ్లు, పచ్చి కరివేపాకు కూడా వద్దు, ఎయిర్‌పోర్టులో పారేయిస్తారు. రాగిపిండి, ఊరుబిండికి వేయించి కొట్టిన పొడి, మామిడికాయ ఊరగాయ బాగా సీలు చేసి పెట్టండి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు, అడాప్టర్లు రెండు కొనండి.

బొవీసా_చిత్తూరు | కట్టమంచి, ఇప్పుడు మిలాన్

బియ్యానికి దిగులు లేదు. యూరప్‌లో అందరికంటే ఎక్కువ వరి పండించేది ఇటలీయే, అదీ ఈ చుట్టుపక్కల జిల్లాల్లోనే. కాకపోతే అది ముద్దగా అవుతుంది. మనకి కావలసిన బియ్యం, పప్పులు వియా పాదోవా వైపు బంగ్లాదేశ్, శ్రీలంక వాళ్ల దుకాణాల్లో దొరుకుతాయి.

స్వర్ణముఖి | ఇప్పుడు మిలాన్

అక్టోబరు చివరికి వచ్చాం, ఇప్పటికి తీరిక దొరికింది. పెర్మెస్సో రసీదు వచ్చింది, క్వెస్తూరా తేదీ జనవరిలో. అఫ్ఫోరిలో ఇంకో అమ్మాయితో కలిసి గది, రిజిస్టర్డ్ ఒప్పందం. అక్టోబరు 15 నుంచి బిల్డింగ్ మొత్తానికి హీటింగ్ మొదలుపెట్టారు, ఇక్కడ తేదీ ప్రకారమే పెడతారట. ఆ ముందు వారం చలికి చాలా ఇబ్బంది పడ్డాం. సెప్టెంబరులో వచ్చేవాళ్లు దుప్పటి చేతిలో పెట్టుకుని రండి.

నగరి అక్కా, మా గ్రూపులో మీరు చెప్పినట్టే అయింది. మొదటి రోజే ‘నమూనాలు నువ్వు చెయ్యి, మేం చెప్తాం’ అన్నారు. నా భాగం నేనే చెప్తానన్నాను. వాళ్లు సరేనన్నారు, అంత తేలిగ్గా ఒప్పుకుంటారని నేను అనుకోలేదు.

మామా, మీరు విని సంతోషిస్తారు. వచ్చిన వారమే తుప్పు మేకులు, బెల్లం సీసాలో వేసి బాల్కనీలో ఊరబెట్టాను. మూడో రివిజియోనెకి రెండు బట్ట పట్టీలు తీసుకెళ్లాను, ఒకటి కరక్కాయ పెట్టింది, ఒకటి పెట్టనిది. ప్రొఫెసర్ చేతికి బ్రష్ ఇచ్చి రెండింటి మీదా ఒకే గీత గీయమన్నాను. ఒకదాని మీద లేత గోధుమ రంగు మరక. రెండోదాని మీద ఆయన చూస్తుండగానే గీత నల్లబడింది. పక్క గ్రూపువాళ్లు కూడా లేచి వచ్చారు. తర్వాత నేను ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు. శ్రీకాళహస్తి ఎక్కడుందో మ్యాపులో చూపించాను, మీ పేరు చెప్పాను, మీ చేతుల ఫొటో ప్రింటు టేబుల్ మీద పెట్టాను. వాళ్లు అడిగిన ‘ఎందుకు’లకి చాలావాటికి జవాబు చెప్పగలిగాను.

ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఆగాను. ఒక మీటరు బట్టకి మొత్తం ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయి, ఉతికిన నీళ్లు ఎక్కడికి పోతాయి అని అడిగారు. ఒక చిన్న అద్దకం యూనిట్‌తో కలిసి నీళ్లు తగ్గించే పద్ధతి మీద ఈ సెమిస్టర్ ప్రాజెక్టు చేద్దామని గ్రూపు అనుకుంటోంది. అందుకు ఈ లెక్క కావాలి. మీరు సాయం చేస్తారా?

కలం_చేయి | శ్రీకాళహస్తి

చాలా సంతోషం తల్లీ. మా ఆవిడకి రెండుసార్లు చదివించి వినిపించాను.

నీళ్ల లెక్క ఇంతవరకు ఎవరూ అడగలేదు. నదిలో పారే నీళ్లుంటే లెక్కే ఉండదు, వేసవిలో స్వర్ణముఖి నదిలో నీళ్లు లేనప్పుడు బోరు నీళ్లు తొట్టిలో పట్టి ఉతుకుతాం. వచ్చే మంగళవారం ఆరు గజాల బట్ట ఒకటి ఉతుకుకి వస్తుంది. దాన్ని తొట్టిలోనే ఉతికిస్తాను. మా అబ్బాయి బిందెలు లెక్కపెట్టి రాస్తాడు. కరక్కాయకి, పటికకి, ఉడకబెట్టడానికి, చివరి ఉతుకుకి వేర్వేరుగా రాయమంటాను. బిందెకి ఎన్ని లీటర్లో కూడా కొలిచి పంపిస్తాం. ఇంకేం కావాలో చెప్పు.

స్వర్ణముఖి | ఇప్పుడు మిలాన్

బట్ట తడపకముందు పొడిగా ఎంత బరువుందో కూడా తూచి రాయమనండి మామా, ఇక్కడ లెక్కలన్నీ కిలోకి ఇన్ని లీటర్లని చూస్తారు. ప్రతి ఉతుకు తర్వాత నీళ్ల రంగు ఫొటో ఒకటి, తెల్ల గిన్నెలో పోసి తీస్తే చాలు. ఆ లెక్క మీ అబ్బాయి పేరుతోనే ప్రాజెక్టులో వేస్తాను, పేరు ఎలా రాయాలో చెప్పమనండి.